మా అమ్మమ్మ రంగం జ్ఞాపకాలను అక్షరాల్లో పెట్టించిన వారికి కృతజ్ఞతలు

బంధుమిత్రులందరికీ నమస్కారం. మా అమ్మమ్మకు ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు. బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్‌లో పుట్టి పెరిగి, అక్కడే పెళ్ళయి, 1964 చివర్లో ఇద్దరు పిల్లలతో ఓడలో విశాఖపట్నం చేరి, కంచరపాలెం దగ్గర బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఉండే బర్మా క్యాంపులో మళ్ళీ మొదటి నుంచి కాపురం పెట్టిన మనిషి. రంగూన్‌ను ఆమె ఈనాటికీ రంగం అనే అంటారు. ఆ రంగం బతుకంతా ఆమె మాటల్లోనే పద్దెనిమిది గంటల రికార్డింగుగా, నూట నలభై పేజీల రాతప్రతిగా గత నెలలో పూర్తయింది. ఇది మా కుటుంబం ఒక్కటే చేయగలిగిన పని కాదు గనుక, చేయి వేసిన వారికి అందరి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి నమస్కారం మా పక్క వీధి పిన్నిగారికి. రెండేళ్ళుగా మేము ఫోను ముందు పెట్టి "అక్కడ ఎలా ఉండేది అమ్మమ్మా?" అని అడగడం, ఆమె "బాగానే ఉండేదమ్మా" అని ఊరుకోవడం జరుగుతూ వచ్చింది. పిన్నిగారు కూడా చిన్నతనంలో అలాగే ఓడలో వచ్చినవారు. ఒక ఆదివారం ఆమె వచ్చి అమ్మమ్మ మంచం మీద కూర్చుని, చేపలమ్మే మనిషిని అడిగినట్టు బర్మీస్‌లో "ఙా బెలౌలే?", అంటే చేప ఎంత అని అడిగారు. అమ్మమ్మ నవ్వి బర్మీస్‌లోనే బేరం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా స్కాట్ మార్కెట్ దుకాణాలు, వీధి నిండా పట్టే ఙపి (పులియబెట్టిన చేపల ముద్ద) వాసన, రాతి మీద ‘తనకా’ అనే చెట్టు చెక్క అరగదీసి మొహానికి పూసుకోవడం, ఏప్రిల్‌లో తింజాన్ పండుగకు దారినపోయే వాళ్ళ మీద నీళ్ళు చల్లడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇంట్లో తెలుగు, బజారులో బర్మీస్ మాట్లాడుతూ పెరిగిన మనిషికి బజారు జ్ఞాపకాలు ఆ భాషలోనే కదులుతాయన్న సంగతి మాకు అంతవరకు తట్టలేదు. మోకాళ్ళ నొప్పులతోనే పిన్నిగారు వరసగా పదకొండు ఆదివారాలు వచ్చారు. ఆ రుణం తీర్చుకోగలిగేది కాదు.

పదవీ విరమణ చేసిన చరిత్ర మాస్టారి గారికి మేము కృతజ్ఞతతో పాటు ఒక క్షమాపణ కూడా బాకీ ఉన్నాం. "ఒక రోజు తెల్లారేసరికి మా నోట్లు చెల్లకుండా పోయాయి" అని అమ్మమ్మ చెప్పినప్పుడు, 2016లో ఇక్కడ నోట్లు రద్దయిన సంగతితో కలిపేసుకుంటున్నారని అనుకుని ఆ భాగాన్ని పక్కన పెట్టేశాం. 1964 మే నెలలో బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం యాభై, వంద చాట్ల (చాట్ అంటే అక్కడి రూపాయి లాంటిది) నోట్లను నిజంగానే రద్దు చేసిందని మాస్టారు గారు చూపించారు. బియ్యపు మిల్లు కూలితో తాతయ్య కూడబెట్టి బిస్కట్ల డబ్బాలో దాచినవన్నీ వంద చాట్ల నోట్లే. తన మాట నిజమని తేలిందని చెప్పగానే అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత రేవులో తనిఖీ చేసినవాళ్ళు తన గాజులు తీయించుకున్న సంగతి మొదటిసారిగా చెప్పారు. మా అమ్మకు కూడా అది అప్పటిదాకా తెలియదు.

చూసినదాన్నీ విన్నదాన్నీ విడదీసి గుర్తు పెట్టమన్నది కూడా మాస్టారు గారే. రంగూన్ మీద జపాన్ బాంబులు మొదటిసారి పడింది 1941 డిసెంబరు 23న. అప్పటికి అమ్మమ్మకు మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ దాడుల తర్వాత మనవాళ్ళు బర్మా పడమటి వైపు ఆరకాన్ కొండల మీదుగా కాలినడకన ఇండియాకు వచ్చిన కథ ఆమె తల్లి నోట విన్నది కాబట్టి, రాతప్రతిలో ఆ పేజీల అంచున "విన్నది" అని రాశాం. ఇలా చేయడం వల్ల ఆ కథ విలువ తగ్గిందని నేను అనుకోను, మిగతా పేజీల మీద నమ్మకం మాత్రం పెరిగింది.

తాతయ్య గొంతు ఉన్న ఒకే ఒక్క క్యాసెట్ బూజు పట్టి అతుక్కుపోతే, పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ గారు టేపును ఓపికగా విడదీసి, శుభ్రం చేసి, వేరే డబ్బాలోకి ఎక్కించి కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఇచ్చారు, డబ్బు పుచ్చుకోలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల్లో తన తండ్రి ఎలా బయటపడ్డారో తాతయ్య చెప్పిన ఏడు నిమిషాలు ఆ టేపులోనే ఉన్నాయి.

రాతప్రతి తయారుచేసిన తెలుగు ఎం.ఏ. విద్యార్థినికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. అమ్మమ్మ "ఎల్లినాం", "సూసినాం" అంటే అలాగే రాసింది. పుస్తకాల భాషలోకి దిద్దమని మా బంధువుల్లో కొందరు అడిగినా ఒప్పుకోలేదు. ఆ పట్టుదల వల్లనే చదువుతుంటే మాకు అమ్మమ్మ గొంతు వినిపిస్తోంది.

రికార్డింగులు మూడు చోట్ల భద్రపరిచాం. అచ్చు తీసిన ప్రతులు సాయం చేసిన నలుగురికీ ఇళ్ళకు వెళ్ళి ఇచ్చి వచ్చాం. పిన్నిగారు తన ప్రతిని మా ఇంటికి తెచ్చి, ఓడ ఎక్కిన భాగాన్ని అమ్మమ్మకు చదివి వినిపించారు. నిచ్చెన దగ్గర చంకలో ఉన్నది పెద్దవాడు కాదు, చిన్నదని అమ్మమ్మ మధ్యలోనే ఆపి సరిచేశారు. ఆ దిద్దుబాటును పిన్నిగారి చేతిరాతతోనే తొంభై ఏడో పేజీలో ఉంచుకున్నాం.