సవరణ వేరు, మార్పిడి వేరు

జన్యు సవరణ వరిని జన్యుమార్పిడి పంటగా చూపిస్తూ పత్రికలు, వార్తాఛానెళ్లు జనాన్ని తికమక పెడుతున్నాయి. 2025 మేలో ప్రకటించిన జన్యు సవరణ వరి ‘కమల’ను హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ మా బాపట్ల సాంబ మసూరి నుంచే రూపొందించింది, మొక్కలో ఉన్న జన్యువునే సవరించారు, పరాయి జన్యువు చేర్చలేదు. జన్యుమార్పిడి పంటైన బీటీ వంకాయలో చేర్చింది నేలలోని బ్యాక్టీరియా జన్యువు. అయినా నేను చూసిన టీవీ చర్చలో రెండింటికీ ఒకటే బొమ్మ, సిరంజి గుచ్చిన టమాటా! (మాట్లాడుతున్నది వరి గురించి.) శాస్త్రవేత్త ఒకరు, ఉద్యమకారుడు ఒకరు, మధ్యలో అరుపులు. విత్తన హక్కులు ఎవరివి, క్షేత్ర పరీక్షల్లో ఏం తేలిందన్న రైతు ప్రశ్న ఆ అరుపుల్లో కొట్టుకుపోయింది. ఇలాంటి వార్త వేసినప్పుడల్లా ఏ జన్యువును ఏం చేశారు, ఎవరు పరీక్షించారు, డబ్బు ఎవరిది అని మూడు వాక్యాలు పక్కనే పెట్టెకట్టి వేయండి.

— ఒక వరి రైతు, బాపట్ల