సముద్రంలో భద్రత, ఆపద సంకేతాలు: మన మత్స్యకారుల సంఘం 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, కులపెద్దలకు, బోట్లు నడిపే సరంగులకు, బోట్ల మీద పనిచేసే కళాసీలకు, ఒడ్డున చేపల పని చూసుకునే అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డెక్కాయి కనుక, ఏటా మాదిరిగానే వలల షెడ్డులో ఈ సర్వసభ్య సమావేశం జరుపుకుంటున్నాం. గత ఏడాది సంఘం చేసిన పనిని, చేయలేకపోయిన పనిని కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటే వేళకు మన రేవు బోటు ఒక్కటి కూడా నీటి మీద లేదు. వాతావరణ శాఖ హెచ్చరికలను, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సమాచారాన్ని మన కుర్రవాళ్లు పూటపూటకూ మైకులో చదివారు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కాకినాడ, భైరవపాలెం తీరాల నుంచి వేటకు వెళ్లి తిరిగిరానివారిని ఈ తీరం మరిచిపోలేదు కనుక, తుపాను కబురు వస్తే వెనక్కి రమ్మని ఇప్పుడు ఎవరినీ బతిమాలనక్కర్లేదు. అయితే తుపాను చెప్పి వస్తుంది. బోటును నెట్టే ఫ్యాను రెక్కలకు వల చుట్టుకోవడం, గేరుబాక్సు పట్టేయడం, మనిషి కాలుజారి నీళ్లలో పడటం చెప్పి రావు. ఈ ఏడాది మనం పెట్టిన శ్రమంతా ఆ రెండో రకం ఆపద కోసమే.

జనవరిలో జరిగిన సంఘటన మీ అందరికీ తెలిసినదే అయినా, అది నివేదికలో నమోదు కావాలి. హోప్ ఐలాండ్‌కు దక్షిణంగా, గోదావరి మొగ వైపు, ఐదుగురున్న మన ఫైబర్ బోటు ఇంజిను తెల్లవారుజామున ఆగిపోయింది. దట్టమైన మంచు, ఫోనుకు సిగ్నల్ లేదు, లంగరు నిలవక బోటు నీటి లాగుడుకు కొట్టుకుపోతోంది. సరంగు వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టును ఆపద పిలుపుల కోసం ఉన్న 16వ ఛానల్‌లో పెట్టి, శిక్షణలో నేర్చుకున్న వరుసలోనే, మూడుసార్లు ‘మేడే’ (ప్రాణాపాయంలో ఉన్నాం, సాయం కావాలి) అని, బోటు పేరు, జీపీఎస్ అంకెలు, ఏమైంది, ఎందరున్నారు అన్నది రెండేసిసార్లు చెప్పాడు. షెడ్డులో రేడియో దగ్గరున్న తమ్ముడు ఆ అంకెలను చేతికందిన సుద్దముక్కతో ఐసుపెట్టె మూత మీద రాసి, తిరిగి చదివి వినిపించి, వెంటనే కోస్టుగార్డు వారి 1554కు ఫోను చేశాడు. ఆ మూత ఈరోజు సభలో, నా బల్ల పక్కనే ఉంది. అంకెలు చెరపవద్దని నేనే చెప్పాను.

మన బోట్లు రెండు వెతకడానికి బయలుదేరాయి. చేత్తో పట్టుకుని వెలిగించే మంట కడ్డీ, అంటే చేతి ఫ్లేరు, ఒక్క నిమిషం మాత్రమే వెలుగుతుంది, మంచులో దూరానికి కనబడదు. అందుకని ఆపదలో ఉన్నవారు కంగారుపడి దాన్ని ముందే కాల్చేయకుండా, ఈలలు ఊదుతూ, ఇంజిను చప్పుడు చెవిన పడేవరకు ఆగారు. ఆ తరువాతే నిప్పురవ్వలు పెట్రోలు డబ్బా మీద పడకుండా గాలివాలు వైపుకు చేయి చాచి ఎర్ర ఫ్లేరు వెలిగించారు. ఆ ఎరుపు చూసిన మనవాళ్లు ఐదుగురినీ క్షేమంగా, బోటుతో సహా లాక్కుని వచ్చారు. గంగమ్మ తల్లి దయతో పాటు ఆ సరంగు నిబ్బరాన్ని కూడా ఈ సంఘం గౌరవించాలి.

ఈ నిబ్బరం గత ఏడాది నిషేధ కాలంలో మనం పెట్టుకున్న శిక్షణ వల్ల వచ్చిందని నా నమ్మకం. పగలైతే నారింజ పొగ, రాత్రయితే ఎర్ర ఫ్లేరు. ఏదీ లేకపోతే రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా పైకీ కిందకీ పదేపదే ఊపడం కూడా అంతర్జాతీయంగా గుర్తించిన ఆపద సంకేతమేనని ఆ రోజు చాలామందికి మొదటిసారి తెలిసింది. ఇస్రో తయారుచేసిన డాట్ అనే ఆపద హెచ్చరిక యంత్రం మీట నొక్కితే కబురు ఉపగ్రహం ద్వారా నియంత్రణ కేంద్రానికి, అక్కడి నుంచి కోస్టుగార్డుకు చేరుతుందని, రెండో తరం యంత్రంలో కబురు అందినట్లు తిరుగు సమాచారం కూడా బోటుకు వస్తుందని చూపించాం. నడిసంద్రంలో ఉన్నవాడికి తన కేక ఎవరో విన్నారన్న ఆ ఒక్క కబురు ఎంత ధైర్యమో, జనవరిలో వెళ్లినవారిని అడిగితే చెబుతారు.

ఆ శిక్షణకు వస్తామని మాట ఇచ్చిన అధికారి కోసం పదకొండింటి వరకు ఎండలో ఎదురుచూశాం. రాలేదు, కబురూ లేదు. పాత యంత్రాల బ్యాటరీలు మార్చమని ఒక కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ రసీదు ఇచ్చారు, అంతే. జనవరిలో ఆపదలో పడిన బోటులోనూ డాట్ ఉంది, బ్యాటరీ లేదు. బోటుకూ ఒడ్డుకూ మధ్య ఉపగ్రహం ద్వారా కబురు నడిపే యంత్రాలైన ట్రాన్స్‌పాండర్ల విషయానికొస్తే, లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధానమంత్రి ప్రారంభించారు. మన రేవులో ఇంకా అమర్చని బోట్ల జాబితా సిద్ధంగా ఉంది, దాని వెంట తిరగడానికి నాతో ఇద్దరు కావాలి.

అధికారులను అన్నాక మనల్ని మనం అనుకోకపోతే న్యాయం కాదు. రాత్రి రేడియో కాపలాకు 24 మంది పేర్లు ఇచ్చారు. వరుసగా వచ్చినవారు నలుగురే. జనవరి నాటి కాపలా కూడా ఆ తమ్ముడి వంతు కాదు, రానివారి బదులు కూర్చున్నాడు. అతను కూడా ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఆ ‘మేడే’ ఖాళీ షెడ్డులో మోగేది. ఇది ఎవరినీ నొప్పించడానికి కాదు, కానీ చెప్పకుండా ఉండలేను.

రేడియో సెట్టును డబ్బు తీసుకోకుండా బాగుచేసిన మెకానిక్ గారికి, డీజిలు సర్దిన బోటు యజమానులకు, శిక్షణ రోజున భోజనాలు వండిన మహిళా సంఘం అక్కలకు, ఈలలు కొనిచ్చిన ఐసు ఫ్యాక్టరీ వారికి, మైకు మోసిన పిల్లలకు, ఫోను చేయగానే స్పందించిన కోస్టుగార్డు సిబ్బందికి పేరుపేరునా కృతజ్ఞతలు. జమాఖర్చులను కోశాధికారి గారు సరిచూసి గోడకు అంటించారు. చందా బకాయిలు ఉన్నవారు ఆయనను కలవగలరు.

జూన్ 14తో నిషేధం ముగిసేలోగా ప్రతి బోటులోని ఫ్లేర్ల గడువు తేదీ, లైఫ్ జాకెట్ల పట్టీలు, డాట్ బ్యాటరీ మన కమిటీ చూస్తుంది. సరంగులు దగ్గరుండి చూపించాలి. కాపలా జాబితా కొత్తగా రాస్తున్నాం, పుస్తకం ఐసుపెట్టె మూత పక్కనే ఉంది. రాగలిగిన రాత్రులకే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి