పాప చదువు, ఎకువాన్ సీసా

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. పాప ఇంజనీరింగ్ వద్దంటోందనీ, గుంటూరు దగ్గరున్న ఎన్‌ఐడీ అనే డిజైన్ కాలేజీలో చదువుతానంటోందనీ తెగ టెన్షన్ పడుతున్నావు. "బొమ్మలు గీస్తే కడుపు నిండుతుందా" అని అడిగావు చూడు, దానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా. ఫోన్‌లో అయితే నన్ను మాట్లాడనివ్వవు. కెంజి ఎకువాన్ అని జపాన్‌లో ఒక డిజైనర్ ఉండేవాడు, ఆయన సంగతి చదివి తర్వాత నీ ఇష్టం.

పుట్టింది 1929లో, టోక్యోలో. తండ్రి బౌద్ధ పూజారి, వాళ్ల గుడి హిరోషిమాలో. 1945లో బాంబు పడేనాటికి ఈయన నౌకాదళ స్కూల్లో చదువుతున్న కుర్రాడు. ఆ బాంబు చెల్లెల్ని, తండ్రిని పొట్టన పెట్టుకుంది. ఇంటికని తిరిగొస్తే అక్కడ ఊరే లేదురా. కాలి వంకర్లు తిరిగిన సైకిళ్లు, ట్రాములు తప్ప ఇంకేమీ లేవు. ఆ వస్తువులన్నీ తమని ఇంకొన్నాళ్లు వాడుకుని ఉంటే బాగుండేదని తనతో మొరపెట్టుకున్నట్టు అనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. మనిషికి చూసుకోవడానికీ, చేత్తో తాకడానికీ ఏదో ఒకటి ఉండాలన్న తపన అక్కడే పుట్టింది. కొన్నాళ్లు తండ్రి దారిలో సన్యాసి చదువు చదివాడు గానీ, అది వదిలేసి టోక్యోలో ఆర్ట్స్ యూనివర్సిటీలో చేరాడు. అంత పోగొట్టుకున్నవాడు వస్తువుల మీద విరక్తి పెంచుకోకుండా ప్రేమ పెంచుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆయన చేసిన ఒక వస్తువు నువ్వు చూసే ఉంటావు. ఎర్ర మూత, సన్నటి మెడ, వెడల్పాటి అడుగు ఉన్న కిక్కోమన్ సోయా సాస్ గాజు సీసా. అప్పట్లో సాస్ 1.8 లీటర్ల పెద్ద సీసాల్లో వచ్చేది. వాళ్లమ్మ అంత బరువు ఎత్తి చిన్న గిన్నెలోకి వంపుకోవడం చిన్నప్పటి నుంచీ చూశాడు. మూడేళ్లు కూర్చుని వందకు పైగా నమూనాలు చేశాడు, ఒక్క సీసా కోసం! అసలు చిక్కంతా చివరి చుక్క దగ్గరే. మీ ఇంట్లో నూనె డబ్బా మెడకి గుడ్డ చుట్టి కింద ప్లేటు పెడతారు కదా, అదే బాధ. టీ కెటిల్ ముక్కుకి కింది పెదవి ముందుకి పొడుచుకొస్తుంది, చుక్క దాన్ని పట్టుకుని జారుతుంది. ఎకువాన్ దాన్ని తిరగేశాడు. కింది అంచు లోపలికి పోయేలా కోశాడు, దాంతో చుక్క కారకుండా వెనక్కి వెళ్లిపోతుంది. మూతకి రెండు వైపులా రంధ్రాలు, ఒకదాంట్లోంచి సాస్, రెండోదాంట్లోంచి గాలి. 1961లో వచ్చింది, రూపం దాదాపు మారకుండా ఇప్పటికీ అమ్ముతున్నారు, 30 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలోనూ పెట్టారు, కిరాణా కొట్లోనూ దొరుకుతుంది.

ఆయన పట్టుదలా అదే, మంచి వస్తువు డబ్బున్నవాళ్లకే కాదు, అందరికీ అందాలని.

ఇక కడుపు నిండటం సంగతి. 1952లో విద్యార్థిగా ఉండగానే తోటివాళ్లతో కలిసి జీకే అని ఒక బృందం పెట్టాడు, అది పెద్ద కంపెనీ అయింది. యమహా అంటే చెవి కోసుకునేవాడివి కదా, 1955లో ఆ కంపెనీ మొట్టమొదటి బైకు వైఏ-1 డిజైన్ వీళ్లదే, తర్వాత దశాబ్దాల పాటు యమహా బైకులకి వీళ్లే పనిచేశారు. నరిటా ఎక్స్‌ప్రెస్ అనే ఎయిర్‌పోర్టు రైలు, కొమాచి బుల్లెట్ రైలు కూడా వీళ్ల పనే. సాస్ సీసా దగ్గర్నుంచి రైలు దాకా ఒకే మనిషి ఆలోచన సాగింది చూడు! 2015లో, 85 ఏళ్ల వయసులో పోయాడు.

పాపకి ఈ ఉత్తరం చూపించు. అప్లికేషన్ గడువు దాటనివ్వకు, నా మాట విని పరీక్ష రాయనివ్వు. సీటు వస్తే ఫీజులు, హాస్టల్ గురించి అప్పుడు కూర్చుని లెక్కలేసుకుందాం, నేనూ వస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మురళి