ఫుట్‌బాల్‌కి లైసెన్స్ ఏందిరా అన్నావు కదా

హన్మకొండ

అరేయ్ దోస్తూ,

నీ వాయిస్ మెసేజ్‌లు అన్నీ విన్నాను. మాంచెస్టర్ చలిలో నిలబడి ఏదో చిన్న క్లబ్ మ్యాచ్ చూసొచ్చి, "వీళ్లు ఫస్ట్ వచ్చినా పై లీగ్‌కి పంపరంట, గ్రౌండ్‌కి గ్రేడ్ లేదంట, ఫుట్‌బాల్‌కి లైసెన్స్ ఏందిరా, ఇదేమన్నా ఆటోనా?" అని గొంతు చించుకున్నావు. ఫోన్‌లో చెప్దామంటే మధ్యమధ్యలో నువ్వే మాట్లాడతావు, నన్ను చెప్పనియ్యవు. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మన క్లబ్‌లో నా పేరు సెక్రటరీ, నా పని ఫైలు మోయడం. నువ్వు గోల్‌కీపర్‌గా ఉన్న రోజుల్లో ఆధార్ జిరాక్స్ ఇచ్చి, పాస్‌పోర్ట్ ఫొటో నా చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడివి. ఆ జిరాక్స్ తర్వాత ఏమవుతుందో ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు అదంతా ఆన్‌లైన్ అయింది. మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్‌ఎఫ్ వాళ్ల ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సీఆర్‌ఎస్‌లో పిల్లవాడి పేరు ఎక్కాలి, ఓకే కావాలి, అప్పుడే వాడు మనవాడు. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, టెన్త్ మెమోలో వెనకుంటుంది, ఇంకో కాగితంలో అసలే ఉండదు. పుట్టిన తేదీ సంగతి సరేసరి. మన పిల్లల్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు, ఆధార్ ప్రకారం. వాణ్ని మీసేవకి పంపాలి, వాళ్ల నాయన సంతకం కావాలి, ఆయనేమో పత్తి ఏరే సీజన్‌లో పొద్దున ఆరింటికే పొలంలో ఉంటాడు. జూనియర్ టోర్నమెంట్లలో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకను బట్టి వయసు లెక్కగట్టే పద్ధతి ఉంది. అక్కడికి పోయాక ఆధార్ ఒకటి చెప్పి ఎముక ఇంకోటి చెప్తే ఇరుక్కునేది క్లబ్బే.

రిజిస్ట్రేషన్ అయ్యాక నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. ప్రతి పేరుకీ ఒక పేజీ. పసుపు కార్డు పడితే పసుపు స్కెచ్‌తో గీత, ఎర్ర కార్డుకి ఎర్ర గీత, పక్కన ఏ మ్యాచ్‌లో, ఎన్నో నిమిషంలో. మొన్న మన లెఫ్ట్ బ్యాక్ గాడు మ్యాచ్‌కి ముందు బూట్లు లేసులు కట్టుకుని మరీ వచ్చి నిలబడ్డాడు. "లేదురా, నీకు ఈ మ్యాచ్ సస్పెన్షన్" అన్నాను. "అన్నా, ఆ కార్డు నాది కాదన్నా, రెఫరీ నంబర్ తప్పు రాసుకున్నాడు" అన్నాడు. నోట్‌బుక్ తెరిచి చూపించాను. అరగంట అలిగి, తర్వాత వాడే నీళ్ల బాటిళ్లు మోశాడు. కోచ్ నా మీద కోపంగానే ఉన్నాడు. అయినా సరే, ఆ విషయంలో నేను తగ్గను. ఎందుకో చెప్తా విను.

మీ మాంచెస్టర్‌కి తూర్పు వైపునే డ్రోయిల్స్‌డెన్ అని ఉంటుంది, ట్రామ్ ఎక్కితే పోవచ్చు. 2008లో ఆ ఊరి క్లబ్‌కి ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా క్లబ్‌లు కలిసి ఆడే కప్) రెండో రౌండ్‌లో చెస్టర్‌ఫీల్డ్ తగిలింది. డ్రోయిల్స్‌డెన్ నాన్-లీగ్ టీమ్, అంటే పై నాలుగు అంచెల కింద ఆడేది; అవతల వాళ్లు నాలుగో అంచె అయిన లీగ్ టూ. మొదటి మ్యాచ్ పొగమంచులో సగంలో ఆగిపోయింది. మళ్లీ ఆడితే 2-2 డ్రా. డ్రా అయితే అప్పట్లో మళ్లీ ఆడించే రీప్లే డ్రోయిల్స్‌డెన్ గ్రౌండ్‌లో పెడితే, చెస్టర్‌ఫీల్డ్ 2-0 ముందుండగా ఫ్లడ్‌లైట్లు ఆరిపోయాయి. అది కూడా రద్దు. నాలుగోసారి ఆడి డ్రోయిల్స్‌డెన్ 2-1తో గెలిచింది. రెండు గోల్సూ ఒక్కడే కొట్టాడు. ఊరంతా సంబురం. తర్వాత చూస్తే, ఆ రెండు గోల్స్ కొట్టినవాడు ఆ రోజు సస్పెన్షన్‌లో ఉండాల్సినవాడు! కప్ నుంచి తీసేశారు. ఓడిపోయిన చెస్టర్‌ఫీల్డ్ మూడో రౌండ్‌కి పోయి ఇప్స్విచ్‌తో ఆడింది. పొగమంచుని తట్టుకున్నారు, కరెంటుని తట్టుకున్నారు, ఒక్క పేజీ చూసుకోక పోగొట్టుకున్నారు. మూడో రౌండ్ అంటే ప్రీమియర్ లీగ్ టీమ్‌లు దిగే రౌండ్ అని నీకు చెప్పక్కర్లేదు. చిన్న క్లబ్‌కి ఆ ఒక్క మ్యాచ్ డబ్బుతో ఎన్ని పనులవుతాయో చూడు. 2021లో ఎనిమిదో అంచె క్లబ్ మెరీన్‌కి టోటెన్‌హామ్ తగిలినప్పుడు, కరోనా వల్ల లోపలికి ఎవర్నీ రానియ్యలేదు. అయినా ఉత్తుత్తి టికెట్లు ముప్పై వేలకు పైగా అమ్ముడుపోయాయి. మ్యాచ్ 5-0తో ఓడిపోయారనుకో, అది వేరే ముచ్చట.

ఇది చిన్నవాళ్లనే తొక్కే రూల్ అనుకుంటావేమో. కాదు. 2023 నవంబర్‌లో బార్న్స్‌లీకి ఏమైందో చూడు. మూడో అంచె టీమ్. ఏడో అంచెలో ఉన్న హోర్షమ్‌తో 3-3 డ్రా చేసుకుని, రీప్లేలో 3-0తో గెలిచింది. కానీ రీప్లేలో ఆడించిన ఒకణ్ని అసలు మ్యాచ్‌కి ముందు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు రిజిస్టర్ చేసి ఉండాల్సింది, చెయ్యలేదు. రీప్లే కదా, మధ్యలో చేర్చుకున్నాం అంటే చెల్లదు, గడువు మొదటి మ్యాచ్‌దే. బార్న్స్‌లీని తీసేసి హోర్షమ్‌ని రెండో రౌండ్‌కి పంపారు. అలాగే అప్పట్లో ఒక సీజన్‌లో ఎఫ్‌ఏ కప్‌లో ఒక క్లబ్ తరఫున ఆడినవాడు, మధ్యలో క్లబ్ మారినా ఆ కప్‌లో ఇంకో క్లబ్‌కి ఆడడానికి ఉండేది కాదు. డబ్బున్నోడు రౌండ్ రౌండ్‌కీ ఆటగాళ్లను కొనుక్కుంటూ పోకుండా అది అడ్డంగా ఉండేది. నాకైతే ఈ రూల్స్ నచ్చుతాయి. పెద్దోడికీ చిన్నోడికీ అదే నోట్‌బుక్, అవే గీతలు.

మన దేశంలో ఇదే లొల్లి ఎంత దూరం పోయిందో నువ్వు అక్కడుండి ఫాలో అయ్యావో లేదో. 2024-25 ఐ-లీగ్, అంటే మన రెండో అంచె లీగ్. చర్చిల్ బ్రదర్స్‌కి 40 పాయింట్లు, ఇంటర్ కాశీకి 39. నామ్‌ధారీ టీమ్ సస్పెన్షన్‌లో ఉండాల్సిన ఆటగాణ్ని ఇంటర్ కాశీ మీద ఆడించిందని ఒక కేసు, ఇంటర్ కాశీ తన ఆటగాణ్ని మళ్లీ రిజిస్టర్ చేసిన తీరు మీద ఇంకో కేసు. ఒక కమిటీ ఒక మాట, ఇంకో కమిటీ ఇంకో మాట. మధ్యలో ట్రోఫీ చర్చిల్‌కి ఇచ్చేశారు కూడా. చివరికి స్విట్జర్లాండ్‌లోని స్పోర్ట్స్ కోర్టు దాకా పోతే, 2025 జూలైలో ఇంటర్ కాశీనే ఛాంపియన్ అని తేలింది. సీజన్ అయిపోయి మూడు నెలలు దాటాక! ఎవరు గెలిచారన్నది గ్రౌండ్‌లో కాక ఫైళ్లలో తేలితే ఆటగాళ్లకి ఏం మిగులుతుందిరా? రూల్ మంచిదే, తీర్పు ఇంత ఆలస్యమైతే మాత్రం చిరాకే.

ఇక లైసెన్స్ సంగతి. నీ ఆటో జోక్‌కి నవ్వాను గానీ, నిజంగా దగ్గర దగ్గర అదే. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏఎఫ్‌సీ పెట్టిన పద్ధతినే ఏఐఎఫ్‌ఎఫ్ మన పై లీగ్ క్లబ్‌లకి వాడుతుంది. ఐదు విషయాల కింద అడుగుతారు: ఆట, వసతులు, సిబ్బంది, చట్టం, డబ్బు. పిల్లల టీమ్‌లు ఉన్నాయా, కోచ్‌కి సర్టిఫికెట్ ఉందా, డాక్టర్ ఉన్నాడా, జీతాలు బాకీ ఉన్నాయా, ఆడిట్ చేయించారా, క్లబ్ ఎవరిది, ఇలా. ఏ గ్రేడ్ షరతు తప్పితే లైసెన్స్ రాదు. బీ తప్పితే శిక్ష పడుతుంది గానీ లైసెన్స్ వస్తుంది. సీ అంటే ఉంటే మంచిది అన్నట్టు. జీతాల లెక్క అడగడం నూటికి నూరు పాళ్లు కరెక్ట్. 2022 మార్చిలో మన పై లీగ్ ఐఎస్‌ఎల్ కప్ గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ డబ్బు కష్టాల్లో పడి, 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. ఇండియా టీమ్‌కి కోచ్‌గా చేసిన రహీం సాబ్ ఊరు రా అది! హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్‌లు కొట్టిన ఊరు. ఇప్పుడు పై లీగ్‌లో టీమే లేదు. ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ 2022-23లో, ఆ తర్వాతి ఏడూ రన్నరప్‌గా వచ్చింది. వాళ్లకి సొంత గ్రౌండ్ ఉంది. అసలు తేడా అక్కడే ఉంది.

సొంత గ్రౌండ్ లేని క్లబ్ ఏం చెయ్యాలి? నువ్వు అడిగిన ప్రశ్నకి ఇదే అసలు జవాబు. ఇంగ్లండ్‌లో అంచె అంచెకీ గ్రౌండ్ గ్రేడ్ ఉంటుంది. పిచ్ చుట్టూ రెయిలింగ్, కప్పు ఉన్న స్టాండ్, రెండు టీమ్‌లకి గదులు, రెఫరీకి వేరే గది, ఫ్లడ్‌లైట్లు. ఇవి డబ్బుంటే కట్టుకోవచ్చు. కానీ నేల నీదేనా అని అడిగితే? 2024లో గేట్స్‌హెడ్ ఐదో అంచె అయిన నేషనల్ లీగ్‌లో ఆరో స్థానంలో వచ్చి, పైకి ఎక్కడానికి ఆడే ప్లేఆఫ్‌లో చోటు సంపాదించింది. స్టేడియం అక్కడి కౌన్సిల్‌ది, అంటే మన మున్సిపాలిటీ లాంటిది. పై లీగ్ వాళ్లు పదేళ్ల పాటు గ్రౌండ్ మీ చేతుల్లో ఉంటుందని కాగితం చూపించమన్నారు. చూపించలేకపోయారు. ప్లేఆఫ్ ఆడనివ్వలేదు. ఎవరితో ఆడాల్సిందో ఆ సోలిహల్ మూర్స్ ఆడకుండానే సెమీస్‌కి పోయింది. తర్వాత ఆ ఏడు మే నెలలో వెంబ్లీలో నాన్-లీగ్ టీమ్‌ల కప్ అయిన ఎఫ్‌ఏ ట్రోఫీ ఫైనల్, మళ్లీ ఆ రెండు టీమ్‌లే. గేట్స్‌హెడ్ పెనాల్టీల్లో గెలిచింది. చదివి ఒక్కణ్నే ఇంట్లో చప్పట్లు కొట్టాను, మా ఆవిడ వచ్చి చూసి పోయింది.

ఇదేమీ కొత్త కాదు. 1994లో కిడర్‌మిన్‌స్టర్, 1995లో మాకిల్స్‌ఫీల్డ్, 1996లో స్టీవనేజ్, ముగ్గురూ ఐదో అంచె లీగ్ గెలిచి కూడా గ్రౌండ్ వంకతో కిందే ఉండిపోయారు. స్టీవనేజ్ హైకోర్టుకి పోయి ఓడింది. సటన్ యునైటెడ్‌ది ఇంకా తమాషా. 2017లో తమ కృత్రిమ గడ్డి పిచ్ మీదే కప్‌లో లీడ్స్‌ని ఓడించారు, ఆర్సెనల్‌కి ఆతిథ్యం ఇచ్చారు. 2021లో లీగ్ టూకి ఎక్కగానే ఆ పిచ్‌ని పెకిలించి మామూలు గడ్డి వేసుకోవాల్సి వచ్చింది. కప్‌కి పనికొచ్చిన పిచ్ లీగ్‌కి పనికిరాదంట!

అయితే అవతలి పక్షం మాట కూడా కొట్టెయ్యలేను. మెయిడ్‌స్టోన్ యునైటెడ్ 1988లో గ్రౌండ్ అమ్మేసుకుని, డార్ట్‌ఫర్డ్‌లో అద్దెకి ఆడుతూ 1989లో ఫుట్‌బాల్ లీగ్‌కి ఎక్కింది. 1992కల్లా దివాలా, క్లబ్ మూత. అభిమానులు కింది నుంచి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి నేల గురించి అడగడం తప్పు కాదు. అడిగే టైమే తప్పు. ఆటగాళ్లు సీజనంతా చెమటోడ్చాక ఏప్రిల్‌లో చెప్పడమేంది? ఆగస్టులో మొదటి మ్యాచ్‌కి ముందే, మీరు గెలిచినా పైకి లేదు అని గోడ మీద రాసిపెట్టాలి. అప్పుడు ఊరి జనం కౌన్సిల్ ఆఫీసు ముందు కూర్చునేవాళ్లు. అడగాల్సింది కూడా క్లబ్‌ని ఒక్కదాన్నే కాదు, నేల ఎవరిదో వాళ్లని కూడా.

మన సంగతి నీకు తెలిసిందే. మనం ఆడే గ్రౌండ్ మనది కాదు. పొద్దున వాకింగ్ వాళ్లది, తర్వాత క్రికెట్ పిల్లలది, సాయంత్రం కాసేపు మనది. బహిరంగ సభ పెట్టినప్పుడల్లా పెనాల్టీ బాక్స్‌లో షామియానా గుంజల గుంతలు మిగులుతాయి. వాటిని మొరంతో పూడ్చి, కాలితో తొక్కి, పైన నీళ్లు చల్లేది మన పిల్లలే. ఈ మధ్య ఒక ఆఫీసుకి పోయి, మాకు కొన్నేళ్లకి రాసిస్తారా సార్ అని దరఖాస్తు పెట్టాను. చాయ్ తాగించారు, నవ్వుతూనే మాట్లాడారు, దరఖాస్తు మీద ఇన్‌వార్డ్ ముద్ర కూడా కొట్టారు. అంతే. ముద్ర ఉన్న కాపీ నా ఫైల్‌లో భద్రంగా ఉంది. మళ్లీ పోతా, ఈసారి కొంతమంది తల్లిదండ్రుల్ని వెంటేసుకుని.

నువ్వో పని చెయ్యి. వచ్చే శనివారం ఆ క్లబ్‌కి పోయినప్పుడు గేటు దగ్గర టికెట్లు ఇచ్చేవాళ్లతో మాట కలుపు. గ్రౌండ్ ఎవరిది, లీజు ఎన్నేళ్లు, అది రాయించుకోవడానికి ఎవరి చుట్టూ తిరిగారు అని అడుగు. లీజు కాగితంలో ఏం రాసుకున్నారో చెప్పగలిగితే ఇంకా మంచిది, మన దరఖాస్తులో అలాంటి మాటలే పెడతా. గ్రేడింగ్ ఫారం దొరికితే ఫొటో తీసి పంపు.

అమ్మవాళ్లు బాగున్నారు, మొన్న వడ్డేపల్లి వైపు పోయినప్పుడు ఇంట్లో కూర్చుని వచ్చాను. నాన్న బీపీ మాత్రలు టైమ్‌కి వేసుకుంటున్నారు, పరేషాన్ కాకు. వచ్చేటప్పుడు గోల్‌కీపర్ గ్లోవ్స్ ఒక జత పట్రా, సైజు తొమ్మిది. కొత్త పిల్లవాడు బాగా దూకుతున్నాడు.

నీ దోస్తు