"ఇంకేం రాయాలె అవ్వా?"

సంపాదకులు గారికి నమస్కారం.

లీడర్‌షిప్ కోచింగ్, అంటే మేనేజర్లను ప్రశ్నలడిగి తమ దారి తామే వెతుక్కునేలా చేసే పని, మంచి కెరీర్ అంటూ మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కోర్సు ఎన్నాళ్లు, ఫీజు ఎంత, ఏ సర్టిఫికెట్‌కు గిరాకీ, అన్నీ ఉన్నాయి. యాపిల్, గూగుల్ అధిపతులకు కోచ్‌గా పేరుపొందిన బిల్ క్యాంబెల్ పేరూ ఉంది. సిలికాన్ వ్యాలీకి రాకముందు ఆయన కొలంబియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అన్న సంగతి మాత్రం లేదు. కోచ్‌లు ఎక్కడ తయారవుతారో వ్యాసం చెప్పలేదు. పన్నెండేళ్లుగా లీడర్‌షిప్ కోచింగ్ పనిలోనే ఉన్నాను కాబట్టి ఆ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. మా బాపు బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే మా ఇంటి ముందు గదే. కొడుకులు భీవండిలో మగ్గాలు నడపడానికి పోయిన తల్లులు ఇన్‌లాండ్ కవరు పట్టుకుని వచ్చేవాళ్లు. ఒక అవ్వ "మంచిగున్నం, నువ్వు పైలం" అని చెప్పి ఆగిపోయేది. బాపు కవరు మడిచేవాడు కాదు. "ఇంకేం రాయాలె అవ్వా?" అని అడిగి ఊరుకునేవాడు. ఆమె కొంగు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చునేది. కాసేపటికి అసలు మాట బయటికొచ్చేది. అప్పిచ్చినాయన ఇంటిమీదికి వచ్చి పోయిండని. మేం పిల్లలం మధ్యలో మాట అందించబోతే బాపు కళ్లతోనే ఆపేవాడు.

ఇప్పుడు హైటెక్ సిటీలో మేనేజర్ల ఎదుట కూర్చుని నేను చేసేదీ అదే. టీమ్ సరిగ్గా పనిచేయట్లేదని మొదలుపెట్టినాయన, రెండుసార్లు "ఇంకా?" అని అడిగేసరికి, ఎవరికీ పని అప్పగించలేకపోతున్నానని తనే చెబుతాడు.

నా చదువు మాత్రం దీనికి ఎదురు నేర్పింది. ఇంటర్‌లో ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పినవాళ్లకే మెప్పు. ఆ అలవాటుతోనే కోచింగ్ శిక్షణలో చేరాను. నా మొదటి సెషన్ రికార్డింగ్ విన్న మెంటర్, ఇరవై నిమిషాల్లో పద్నాలుగు నిమిషాలు నేనే మాట్లాడానని లెక్క చూపించారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాపు పక్కన కూర్చుని పెరిగిన పిల్లనేనా నేను అనిపించింది. కోచ్‌లకు సర్టిఫికెట్లిచ్చే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మొదటి మెట్టుకే 60 గంటల శిక్షణతో పాటు 100 గంటల కోచింగ్ అనుభవం అడుగుతుంది. అన్నిటికన్నా పై మెట్టు ఎంసీసీ (మాస్టర్ సర్టిఫైడ్ కోచ్)కైతే 2,500 గంటలు. నా మొదటి వంద గంటల్లో సగానికి పైగా నోరు ఆపుకోవడం నేర్చుకోవడానికే సరిపోయాయి.

ఈసారి ఈ కెరీర్ గురించి రాసేటప్పుడు, ఫీజుల పట్టిక పక్కనే ఇద్దరు ముగ్గురు కోచ్‌లు ఎలాంటి ఇంట్లో పెరిగారో, ఏ టీచరు వాళ్ల మాట ఓపిగ్గా విన్నారో కూడా వేయమని నా మనవి.

మీ వ్యాసం చదివిన బంధువు ఒకాయన, కూతుర్ని ఆ కోర్సులో చేర్పించమంటావా అని నాకు ఫోన్ చేశారు. అమ్మాయికి ఏది ఇష్టమో, ఏది కష్టమో పది నిమిషాలు ఆయనే చెప్పారు. పాప ఎక్కడుందని అడిగాను. పక్కనే ఉందన్నారు. ఫోన్ తనకివ్వమన్నాను.

— ఒక లీడర్‌షిప్ కోచ్, హైదరాబాద్