వెర్చెల్లి మడుల నుంచి నాన్నగారికి

వెర్చెల్లి,
మే 14

నాన్నగారికి నమస్కారాలు,

నేను క్షేమం. అమ్మ నడుం నొప్పి తగ్గిందా? దాళ్వా ధాన్యం డబ్బులు పడ్డాయా?

"ఇటలీలో వరేంటమ్మా" అని మొన్న ఫోన్లో అడిగారు కదా. నిన్న సైకిలేసుకుని ఊరి బయటికి వెళ్లాను. ఎటు చూసినా నీళ్లు కట్టిన మడులు, గట్ల మీద కొంగలు. మన కాలవగట్టు మీదే ఉన్నాననిపించింది. తలెత్తితే మాత్రం ఉత్తరాన 4,634 మీటర్ల మంచుకొండ, మోంటే రోజా!

నారుమళ్లు లేవు, నాట్లు లేవు. లేజర్‌తో మడి చదును చేసి, నీళ్లు పెట్టి, నానబెట్టిన విత్తనాన్ని ట్రాక్టరుతో నేరుగా ఆ నీళ్లలోనే చల్లేస్తారు. నీళ్లు కలుపు అణచడానికే అనుకున్నాను. రాత్రి చలికి మొలక దెబ్బతినకుండా కూడానట. పగలు ఎండకు కాగిన నీరే దానికి దుప్పటి. ఏడాదికి ఒక్కటే పంట, కోతలు సెప్టెంబరు, అక్టోబరుల్లో.

పెద్ద కాలవ పేరు కవూర్. పో నది నుంచి టిచీనో నది దాకా 80 కిలోమీటర్ల పైనే. 1863లో మొదలెట్టి 1866కల్లా నీళ్లు వదిలారు. మన ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి పద్నాలుగేళ్లది. 2022లో పో బాగా తగ్గిపోయి చాలా మడులు ఎండిపోయాయట. కాలవ కింద రైతు గుండె ఎక్కడైనా ఒకటే కదా నాన్నగారూ.

మా పక్కింటి మామ్మగారు చిన్నప్పుడు ఈ మడుల్లో కలుపు తీశారు. ఆ ఆడకూలీలని మొండీనే అంటారు. నలభై రోజులు మోకాలిలోతు నీళ్లలో వంగి పని. కూలితో పాటు రోజుకు కిలో బియ్యం. ఎనిమిది గంటల పని కోసం 1906లోనే వాళ్లు ఇక్కడ సమ్మె చేసి గెలిచారు. తర్వాత కలుపుమందులొచ్చి ఆ పనే పోయింది. ఆవిడ చెప్పులు విప్పి కాలివేళ్లు చూపించారు. వంకర్లు తిరిగి, గోళ్లు నల్లబడి ఉన్నాయి. అమ్మ కాళ్లే గుర్తొచ్చి చాలాసేపు మాట రాలేదు. మా అమ్మ ఇప్పటికీ నాట్లేస్తుందని చెబితే లోపలికెళ్లి కార్నరోలి బియ్యం కిలో ప్యాకెట్ తెచ్చి, "మీ అమ్మకి" అని చేతిలో పెట్టారు.

ఆగస్టులో తెస్తాను. ఆ బియ్యం కడగకూడదట, అమ్మకి ముందే చెప్పి ఉంచండి.

మీ అమ్మాయి