ఫోన్ పెట్టేశాక ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో మార్కుల వార్తల పక్కన చిన్న బాక్సు కట్టి, మనసు బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయండి అని వేస్తారు. మంచి పని, ఆపకండి. ఆ నంబరు టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌ది, 2022 అక్టోబరు 10న మొదలైంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మా బడి గోడ మీద కూడా రాయించాం. కానీ ఆ ఫోన్ పెట్టేశాక, మరుసటి రోజు నుంచి ఆ పిల్లనో పిల్లవాణ్ణో ఎవరు చూస్తారన్నది మీ పేపర్లోనే కాదు, ఎక్కడా ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను రాయలసీమలో ఒక జడ్పీ హైస్కూల్లో టీచర్‌ని. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చి పిల్లల ఆరోగ్యం, మనసు సంగతులు చూడమన్నారు కదా, 2020లో వచ్చిన పథకం, మా బడిలో ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే నలభై మంది కూర్చునే తరగతిలో ముగ్గురు. క్లాసులో నిలబడి చూస్తే ఆ లెక్క ఎక్కువేమీ అనిపించదు నాకు.

కొన్నాళ్ల కిందటి సంగతి చెప్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయి, బాగా చదివేది, ఉన్నట్టుండి మాట తగ్గించేసింది, ప్రేయర్‌లో నిలబడితే పడిపోయేది. అమ్మా నాన్నా సుగ్గికి పోయారు, అంటే గుంటూరు వైపు మిరపకోతలకు. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు వాళ్లకి ఈ మాట నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఇంట్లో అవ్వ ఒక్కతే. గాలి సోకిందని దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది, ఆవిడకు తెలిసిన దారి అది, మనవరాలి మీద ప్రేమతోనే చేసింది. మేం పీహెచ్‌సీకి పంపాం. అక్కడి డాక్టర్ ఓపిగ్గా చూసి, రక్తం తక్కువేమీ లేదు, ఇది మనసుకు సంబంధించినది, పెద్దాసుపత్రికి వెళ్లండని చీటీ రాశారు. తండ్రి పని వదిలేసి వచ్చాడు, తెల్లారకముందే బస్సెక్కారు. అక్కడ సైకియాట్రిస్ట్ కూడా బాగానే మాట్లాడారట, నెలకు మాత్రలు ఇచ్చి, కౌన్సెలింగ్ కూడా కావాలి, ఫలానా వారం రండి అన్నారు. ఆ వారం వెళ్తే కౌన్సెలింగ్ చేసే మేడం సెలవులో ఉన్నారు. ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు పోయాయి. ఆ తర్వాత వాళ్లు వెళ్లలేదు. మాత్రలు అయిపోయాయి, పీహెచ్‌సీలో అడిగితే ఆ మందు ఇక్కడ లేదన్నారు. తర్వాతి ఏడాది ఆ అమ్మాయి పేరు మా రిజిస్టర్లో లేదు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి నాకు మనసు రావడం లేదు. టీచర్ చెప్పాల్సింది చెప్పింది, పీహెచ్‌సీ డాక్టర్ రాయాల్సింది రాశారు, పెద్దాసుపత్రి డాక్టర్ ఇవ్వాల్సింది ఇచ్చారు, సెలవు పెట్టిన మనిషికి ఇంట్లో ఏం అవసరం వచ్చిందో. ప్రతి ఒక్కరూ ఎవరి పని వాళ్లు చేశారు, అయినా పిల్ల మధ్యలోనే జారిపోయింది, ఎందుకంటే ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి ఆ పిల్లని తీసుకెళ్లే పని ఎవరిదీ కాదు. ఆ భారమంతా చదువురాని అవ్వ మీద, కూలికి పోయే తండ్రి మీద పెట్టాం. వెళ్లిన ప్రతిచోటా మొదటి నుంచి కథంతా చెప్పుకోవాలి, వాళ్ల చేతిలో ఉన్నదల్లా నలిగిపోయిన ఓపీ చీటీ ఒకటి.

ఇదే పాపకి టీకా తప్పిపోయి ఉంటే ఏఎన్ఎం ఇంటికొచ్చి అడుగుతుంది. టీబీ మందులు మధ్యలో ఆపేస్తే ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు, పోషణకని నెలకింత చొప్పున డబ్బు కూడా ఖాతాలో పడుతుంది. అంటే మన వ్యవస్థకి వెంటపడి చూసుకోవడం చేతకాక కాదు. మనసుకి వచ్చిన జబ్బుని ఇంకా ఆ వరసలో కలపలేదు, అంతే.

కాగితం మీద మాత్రం అన్నీ ఉన్నాయి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నాటిది. మా పొరుగున ఉన్న బళ్లారిలోనే ఆ దశకంలో నిమ్హాన్స్ వాళ్లు పీహెచ్‌సీ డాక్టర్లకి, ఊళ్లలో తిరిగే సిబ్బందికి నేర్పించి చూపించారు, ఆ పద్ధతినే 1996లో కొన్ని జిల్లాల్లో జిల్లా కార్యక్రమంగా మొదలుపెట్టి, తర్వాత దేశమంతా పెంచుకుంటూ పోయారు. ఆ జిల్లా టీంలో సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్‌తో పాటు జనంలోకి వెళ్లే నర్సు పోస్టు కూడా రాసి ఉంది. 2014లో వచ్చిన కిశోర పథకంలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్కులు, కౌన్సెలర్లు అన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్‌లో పిల్లలకు ప్రత్యేక సేవలు, రోగి కుటుంబానికి ఆసరా ఇచ్చే సేవలు కూడా ప్రభుత్వం ఏర్పాటు చేయాలని ఉంది. కుటుంబానికి ఆసరా అన్న మాట చట్టంలోనే ఉందని నాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు, నేనే చదివి తెలుసుకున్నాను.

ఇక సుప్రీంకోర్టు సంగతి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో, 2025 జులై 25న కోర్టు దేశమంతటికీ వర్తించేలా ఆదేశాలిచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి, అంతకన్నా చిన్నవైతే బయటి నిపుణులతో లింకు పెట్టుకోవాలి, ఆసుపత్రికి ఎలా పంపాలో రాతపూర్వకంగా ఉండాలి, తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలి, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. ఇంత వివరంగా చెప్పాక ఇంకేం కావాలి?

మనిషి కావాలి. మండలానికి ఒక్కరు. పేరు, ఫోన్ నంబరు అందరికీ తెలిసిన మనిషి. బడి నుంచి కబురొస్తే ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో కూర్చునేవాళ్లు, ఆసుపత్రికి బయల్దేరే ముందే డాక్టర్, కౌన్సెలర్ ఆ రోజు ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు, మాత్రలు పీహెచ్‌సీలోనే దొరికేలా చూసేవాళ్లు, ఆ కుటుంబం సుగ్గికి పోతుంటే పోయే ఊళ్లో ఎవరిని కలవాలో రాసిచ్చేవాళ్లు. నెలకోసారి టీచర్, హాస్టల్ వార్డెన్, పీహెచ్‌సీ డాక్టర్, ఆ పిల్ల తల్లో తండ్రో ఒకచోట అరగంట కూర్చుంటే చాలు. తల్లిదండ్రులు లేకుండా కూర్చునే మీటింగు మాత్రం దండగ. చాలాసార్లు పిల్ల టెన్షన్‌కి వేరు ఇంట్లోనే ఉంటుంది, నాన్న తాగుడో, అప్పో, పదిహేనేళ్లకే పెళ్లి మాటలో. పిల్ల ఒక్కదానికి మాత్రలిచ్చి అదే ఇంటికి పంపిస్తే ఏం లాభం?

ఈ పని టీచర్లకే అప్పజెప్పవచ్చు కదా అంటారు, పైవాళ్లకి అది సులువు. బిహార్‌లోని నలంద జిల్లాలో 74 హైస్కూళ్లలో ఇలాంటిదే పరీక్షించి చూశారు, లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2018లో ఫలితాలు వచ్చాయి. కొన్ని బడుల్లో టీచర్‌కే ఆ బాధ్యత ఇచ్చారు, కొన్నింట్లో డాక్టరూ సైకాలజిస్టూ కాని మామూలు మనిషికి ట్రైనింగ్ ఇచ్చి ఆ పనికే పెట్టారు. ఆ మనిషి ఉన్న బడుల్లో వాతావరణం మెరుగైంది, ఏడిపించడాలు, కొట్లాటలు, పిల్లల్లో దిగులు తగ్గాయి. టీచర్‌కి అప్పజెప్పిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. మధ్యాహ్న భోజనం ఫోటోలు, యాప్‌లో హాజరు, సిలబస్, వీటి మధ్య ఏడుస్తున్న పిల్ల పక్కన గంటసేపు కూర్చోవాలంటే నాకు ఇంకో తరగతి ఖాళీగా వదిలేయడమే దారి.

ఆశా అక్కలు చేయగలరు, పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు పెద్దవాళ్ల విషయంలో ట్యాబ్‌లిచ్చి చేయించి చూశారు కూడా. కానీ ఒక చిక్కుంది, దాన్ని పక్కన పెట్టలేం. ఆశా అక్కది అదే ఊరు, చాలాసార్లు అదే చుట్టరికం. మా పిల్లకి ఇలా ఉందని తెలిస్తే రేపు సంబంధాలు వస్తాయా అని తల్లి భయపడుతుంది, అది ఉత్త భయం కూడా కాదు. అందుకే ఆ మనిషి మండల కేంద్రంలో ఉండాలి, ఎవరితో మాట్లాడాలో ఇంటివాళ్లే ఎంచుకునే వీలుండాలి, విన్నది బయటికి పొక్కకూడదు. ఇంటికొస్తే పదిమందీ చూస్తారనుకునేవాళ్లు బడిలోనే కలవొచ్చు. ఆసుపత్రికి వెళ్లిన రోజు బస్సు చార్జీ, పోయిన కూలి ఇస్తే ఇంకా మంచిది, టీబీకి పోషణ డబ్బు ఇస్తున్నప్పుడు దీనికి ఇది ఇవ్వలేమా?

కొత్త బిల్డింగులు, కొత్త పథకం పేర్లు మేం అడగడం లేదు. ఉన్న జిల్లా టీంలో ఖాళీగా ఉన్న పోస్టులు నింపి, ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లల్లో ఓపిక, మాట నేర్పు ఉన్నవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి, జీతం సరిగ్గా నెలనెలా ఇస్తే సరిపోతుంది. జీతం ఆర్నెల్లకోసారి ఇచ్చేటట్టయితే అసలు మొదలుపెట్టొద్దు, ఒక పిల్ల నమ్మి నోరు విప్పిన మనిషి మధ్యలో మానేసి వెళ్లిపోతే జరిగే నష్టం నేను చూశాను.

మీకు ఒక విన్నపం. ఫలితాల రోజు వేసే ఆ బాక్సులో 14416తో పాటు మా జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఏ వారం సైకియాట్రిస్ట్ కూర్చుంటారు, కౌన్సెలర్ ఎవరు, మందులు ఏ పీహెచ్‌సీలో దొరుకుతాయి అన్నది కూడా వేయండి. సమాచారం ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీ ఏర్పడిందా, ఎన్నిసార్లు కూర్చుంది, అందులో తల్లిదండ్రులెవరైనా ఉన్నారా అని మీ విలేకరి చేత కలెక్టరేట్‌లో అడిగించండి, వచ్చే ఫలితాల కంటే ముందే.

ఇట్లు,
ఒక జడ్పీ హైస్కూల్ టీచర్,
రాయలసీమ